రెండు కుంచములు

పఠింపవలసిన వాక్యభాగములు: న్యాయాధిపతులు 17, 18 అధ్యాయములు, లేవీయకాండము 19:35–36, రోమా 2:12–16
కంఠస్థము చేయవలసిన వాక్యము: సామెతలు 20:10



గత నెలలో ఒక బుధవారము సాయంకాలము గృహకూటము ముగిసిన తరువాత, పట్టణమందు కళాశాలలో చదువుకొనుచున్న మన సంఘపు యువకుడొకడు నాయొద్ద నిలిచి యిట్లడిగెను: “అయ్యగారూ, మీరు పది ఆజ్ఞలను గూర్చి చెప్పితిరి. గాని మంచి చెడ్డలు ఒక్కొక్క దేశమున ఒక్కొక్క విధముగా ఉన్నవి గదా. ఒకచోట తప్పయినది మరియొకచోట ఒప్పు. బలముగలవారు దేనిని ఒప్పు అనిరో అదే ఒప్పు. అందరికిని, అన్ని కాలములలోను చెల్లెడు ధర్మము ఒకటి ఉన్నదని మీరెట్లు చెప్పగలరు?”

నేను తొందరపడి రెండు మూడు వాక్యములు చెప్పి అతని నోరు మూయించితిని. అతడు “మంచిదండి” అని వెళ్లిపోయెను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నోరు మూయించుట వేరు, జవాబు చెప్పుట వేరు అని నాకు తెలియును. మీ యిండ్లలోను చదువుకొనుచున్న పిల్లలున్నారు. వారు కూడ ఇట్టి ప్రశ్నతో ఇంటికి వచ్చెదరు. కాబట్టి ఈ నెల పాఠము దీనిని గూర్చియే వ్రాయుచున్నాను.

1. ఇది క్రొత్త ప్రశ్న కాదు

క్రీస్తునకు పూర్వము 5వ శతాబ్దమున జీవించిన హెరోడొటస్ అను గ్రీకు చరిత్రకారుడు ఒక సంగతి వ్రాసెను. దర్యావేషు రాజు (ఎజ్రా గ్రంథములో దేవాలయ నిర్మాణమునకు సెలవిచ్చిన రాజు ఇతడే) తన కొలువులోని గ్రీకులను పిలిచి, “ఎంత ధనమిచ్చినయెడల మీ తండ్రుల శవములను తిందురు?” అని అడిగెనట. ఎంత ఇచ్చినను చేయమని వారు చెప్పిరి. అటుతరువాత, చనిపోయిన తలిదండ్రుల మాంసము తినుట ఆచారముగా గల కల్లతీయులను భారతీయులను పిలిపించి, “ఎంత ధనమిచ్చినయెడల మీ తండ్రుల శవములను కాల్చుదురు?” అని అడిగెను. వారు అట్టి మాట పలుకవద్దని పెద్ద కేక వేసిరట. కాబట్టి అందరిమీదను ఆచారమే రాజు అని హెరోడొటస్ తీర్మానించెను.

మన యువకుని ప్రశ్న అదియే. దీనికి భయపడనవసరము లేదు. గాని కథను మరల నిదానముగా చదువుడి. ఆ యిరువురిలో తండ్రిని అవమానపరచుట మంచిదని చెప్పినవాడెవడైన ఉన్నాడా? లేడు. ఒకడు కాల్చి గౌరవించెను, ఒకడు మరియొక విధముగా గౌరవించితిననుకొనెను. మన ఊరిలోనే మనము పాతిపెట్టుదుము, మన పొరుగువారు దహనము చేయుదురు. అయినను తండ్రి శవమును దిబ్బమీద పారవేసిన కుమారుని మన పేటలోనివారును ఊరిలోనివారును ఒక్కటిగానే ఛీకొట్టుదురు. ఆచారములు రెండు, ఆజ్ఞ ఒక్కటే.

2. ఆచారము వేరు, ధర్మము వేరు

ఈ భేదమును పౌలు మనకు స్పష్టముగా నేర్పుచున్నాడు. రోమా 14వ అధ్యాయములో భోజనమును గూర్చియు దినములను గూర్చియు సహోదరులు ఒకరికొకరు తీర్పుతీర్చుకొనవద్దని చెప్పెను. మనము చెప్పులు విడిచి మందిరములో ప్రవేశింతుము. పడమటి దేశములలో చెప్పులతోనే ప్రవేశింతురు. మన మందిరమున పురుషులు ఒకవైపున, స్త్రీలు ఒకవైపున కూర్చుందురు. ఇతర సంఘములలో కుటుంబమంతయు కలిసి కూర్చుండును. డోలకు ఉండవలెనా, హార్మోనియము ఉండవలెనా అని కొట్లాడుకొను సంఘములను చూచియున్నాను. ఇవన్నియు ఆచారములు. వీటిని దేవుని ఆజ్ఞల వరుసలో నిలువబెట్టుటయే అనేకులు ఆజ్ఞలను కూడ ఆచారములని త్రోసివేయుటకు కారణమైనది. ఈ విషయములో పెద్దలమైన మనయందును తప్పు కలదు.

“కొన్ని జనములు నిజముగానే కీడును మేలు అనిరి గదా, మనుష్యులను సంతలో కొని అమ్మిరి గదా” అని ఎవరైన అడుగవచ్చును. నిజమే. క్రైస్తవులనబడినవారు సహితము బైబిలు చేతపట్టుకొని దానిని సమర్థించిరి. గాని మనుష్యులు ఒక సంగతిని గూర్చి భేదించినంతమాత్రమున ఆ సంగతి లేకపోలేదు. 1854లో లండను నగరమున కలరా వ్యాపించినప్పుడు చెడ్డ గాలివలన వచ్చినదని అనేకులు తలంచిరి. నీటివలన వచ్చినదని జాన్ స్నో అను వైద్యుడు చెప్పెను. వైద్యులు రెండు విధములుగా చెప్పినందున కలరాకు కారణమే లేదని ఎవరైన అందురా? ఒకరు పొరబడిరి, ఒకరు సత్యమునకు దగ్గరగా వచ్చిరి. బానిస వ్యాపారము చేసినవారు పొరబడిరి, దానిని మాన్పుటకు పోరాడినవారు సత్యమునకు దగ్గరగా వచ్చిరి. ధర్మమనునది లేనియెడల పొరబడిరని చెప్పుటకు కూడ వీలులేదు.

3. మీకా యిల్లు

ఇప్పుడు న్యాయాధిపతులు 17వ అధ్యాయము తెరువుడి. ఎఫ్రాయిము మన్యములో మీకా అనువాడొకడుండెను. వాడు తన తల్లి సొమ్ము 1,100 రూకలు దొంగిలించెను. తల్లి శపించుట విని భయపడి తిరిగి ఇచ్చెను. ఆమె శాపము మాని దీవించి, అందులో 200 రూకలతో విగ్రహము చేయించెను. యెహోవా పేరట ప్రతిష్ఠించిన సొమ్ముతో యెహోవా నిషేధించిన విగ్రహము! తరువాత మీకా సంవత్సరమునకు పది రూకలును, బట్టలును, భోజనమును ఇచ్చెదనని ఒక లేవీయుని ఏర్పరచుకొని, ఇక యెహోవా నాకు మేలు చేయునని సంతోషించెను.

ఈ యింటిలో భక్తి లేదని చెప్పలేము. గుడి ఉన్నది, యాజకుడున్నాడు, దేవుని పేరు ఉన్నది. లేనిది ఒక్కటే: వారి కన్నులకు పైగా ఉండి వారికి తీర్పుతీర్చు మాట లేదు. ప్రతివాడును తన కంటికి సరియైనదే చేసెనని 17:6లో వ్రాయబడియున్నది.

అయితే 18వ అధ్యాయములో ఏమి జరిగెనో చూడుడి. దానీయులు 600 మంది ఆయుధములు ధరించి ఆ మార్గమున వచ్చి, విగ్రహమును ఎత్తుకొని, లేవీయునికి ఎక్కువ లాభము చూపి వానిని కూడ తీసికొనిపోయిరి. మీకా వెంటపడి, నేను చేయించుకొన్న దేవతలను పట్టుకొనిపోవుచున్నారే, నాకింకేమి మిగిలినదని మొరపెట్టెను. నీ గొంతు వినబడనీయకుము, కోపిష్ఠులెవరైన నీమీద పడుదురేమో అని వారు బెదరించిరి. వారు తనకంటె బలవంతులని చూచి మీకా ఇంటికి తిరిగిపోయెను.

ప్రియులారా, ఇక్కడ నిలిచి ఆలోచించుడి. తల్లి సొమ్ము దొంగిలించినవాడు, తన సొమ్ము పోయినప్పుడు దొంగతనము దొంగతనమేనని కేకలు వేయుచున్నాడు! తన కంటికి సరియైనది చేసినవాడు, దానీయులు వారి కంటికి సరియైనది చేసినప్పుడు ఏల మొరపెట్టవలెను? తీసికొనునప్పుడు ఎవరి ధర్మము వారిది. పోగొట్టుకొనునప్పుడు అందరికి ఒక్కటే ధర్మము. ఇదియే మనుష్యహృదయము. అందరికి పైగా ధర్మము లేదని చెప్పువారికి నేను వాదముతో జవాబు చెప్పను. అన్యాయము జరిగిన రోజున వారి నోట వచ్చు మొరయే జవాబు చెప్పును. ధర్మశాస్త్రము లేని అన్యజనుల హృదయములలో కూడ ఆ వ్రాత ఉన్నదనియు, వారి మనస్సాక్షి సాక్ష్యమిచ్చుచున్నదనియు పౌలు రోమా 2:14–15లో చెప్పినది ఇదియే.

మరియొక సంగతి. అక్కడ జయించినది ఎవరి ధర్మము? ఆరువందల కత్తులు. అందరికి పైగా ధర్మము లేనిచోట మిగులునది బలమే. అదే దానీయులు పిమ్మట నెమ్మదిగా జీవించుచున్న లాయిషు ప్రజలను చంపి వారి పట్టణమును తగలబెట్టిరి.

4. కొలత ఎవరిది?

మా తాతగారు చెప్పెడివారు. వారి చిన్నతనమున ఆషాఢ శ్రావణ మాసములలో ఇంటిలో గింజలు నిండుకొన్నప్పుడు మనవారు కామందు ఇంటికి పోయి గింజలు నాగుకు తెచ్చుకొనెడివారట. కామందు ఇంటిలో రెండు కుంచములు ఉండెడివి. ఇచ్చునప్పుడు కొలుచునది ఒకటి, కళ్లములో తిరిగి పుచ్చుకొనునప్పుడు కొలుచునది మరియొకటి. చూచుటకు రెండును ఒక్కటే. కాని మా ముత్తవ్వకు అడుగు మందముగా ఉన్నది ఏదియో తెలియును. ఆమె పైకి అనలేదు, అనుటకు వీలులేదు.

ఆ కాలమున కుంచము, మానిక, తవ్వ, వీశె, మణుగు ఒక్కొక్క సీమలో ఒక్కొక్క విధముగా ఉండెడివి. 1956లో ప్రభుత్వమువారు చట్టము చేసి, 1958 నుండి క్రమముగా కిలోగ్రాములను ప్రవేశపెట్టిరి. సీమకొక కుంచము ఉండుట పాపము కాదు, అది ఆచారము. ఒకే యింటిలో రెండు కుంచములు ఉండుట పాపము. కుంచము పరిమాణము ఎంతయైనను, మోసము మోసమేనని అక్షరము రాని మా ముత్తవ్వకు తెలియును.

కిలోగ్రామును గూర్చియు ఒక మాట. 1889 మొదలుకొని లోకమంతటికి కిలోగ్రామునకు ప్రమాణముగా పారిసు నగరము దగ్గర సేవ్ర అనుచోట ఒక లోహపు గుండు భద్రపరచబడెను. దానికి నకళ్లు అనేక దేశములకు పంపబడెను. మన దేశమునకు వచ్చినది 57వ సంఖ్య గలది. ఎంత భద్రముగా దాచినను, కొన్ని దశాబ్దముల తరువాత సరిచూచినప్పుడు మూలమునకును నకళ్లకును సుమారు గ్రాములో ఇరువదివేలవ వంతు తేడా కనబడెను. అందుచేత 2019 మే 20 నుండి శాస్త్రజ్ఞులు ఆ లోహమును విడిచి, సృష్టియందు మారనిదిగా ఎంచబడిన ఒక సంఖ్యను ఆధారము చేసికొనిరి. మనుష్యుడు చేసిన గుండు మారిపోవునని వారు కనుగొనిరి. అయినను “ఇక బరువే లేదు, ఎవరి బరువు వారిది” అని చెప్పలేదు. మారనిదానిని వెదకిరి.

మన మనస్సాక్షియు, మన సంఘ నియమములును ఆ నకళ్లవంటివి. అరుగుట కలదు, త్రుప్పు కలదు. గాని మూలము మన చేతిలో లేదు. లేవీయకాండము 19:36లో న్యాయమైన త్రాసును తూనికరాళ్లను గూర్చి ఆజ్ఞాపించిన వెంటనే, ఐగుప్తునుండి మిమ్మును రప్పించిన దేవుడను నేనే అని యెహోవా చెప్పుచున్నాడు. ఆజ్ఞ క్రింద ఆయన చేవ్రాలు అది. తూనికరాయి సరిగా ఉండవలెనని చెప్పువాడు బానిసల మొర విన్నవాడు. ధర్మము ఆయన స్వభావము. ఆయన మారనివాడు గనుక అదియు మారదు.

5. బీదవానికి దిక్కెవరు?

“ఈ బోధ గొప్పవారి చేతిలో కర్ర” అని యువకుడు తలంచెను. వాస్తవమేమనగా, ఇది బీదవానికి మిగిలిన ఒకే దిక్కు. ధర్మమనగా ఊరి ఆచారమే అయినయెడల, మన తాతలను బావియొద్దకు రానియ్యని ఊరు ధర్మము చేసినట్లే. హోటలులో మనకు వేరు గ్లాసు పెట్టినవాడు తన కంటికి సరియైనది చేసినట్లే. మనకు ఫిర్యాదు చేయు హక్కే లేదు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముచేత అంటరానితనమును నిషేధించెను. 1955లో దానికి శిక్షలు విధించు చట్టము వచ్చెను. అంతకు ముందు రోజువరకు అది ఒప్పయి, ఆ రోజున తప్పయినదా? లేదు. మొదటినుండియు తప్పే, చట్టము ఆలస్యముగా ఒప్పుకొనెను.

1866లో ఒంగోలు వచ్చిన మిషనరీ జాన్ క్లౌ దొరగారి జీవితమున ఇట్టి పరీక్ష కలిగెను. ఆయన బడికి గొప్ప కులముల పిల్లలు వచ్చుచుండిరి. మాదిగ కులస్థులు విశ్వసించి వచ్చినప్పుడు, వారిని చేర్చుకొన్నయెడల మేము రామని పై కులములవారు చెప్పిరి. ఇది ఈ దేశాచారము, దీనికి లోబడుట తెలివియని చెప్పుట ఎంత సులభము! దొరగారును దొరసానిగారును వేర్వేరు గదులలో ప్రార్థించి బైబిలు తెరువగా, ఇరువురికిని 1 కొరింథీ 1:26–29 వచనములు కనబడెనని ఆయన వృత్తాంతములో చెప్పబడియున్నది. లోకములో ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనెనను భాగము అది. వారు బీదలను చేర్చుకొనిరి; పై కులముల పిల్లలు వెళ్లిపోయిరి. కరవు గడిచిన పిమ్మట, 1878 జూలై 3న, గుండ్లకమ్మ యేటియొద్ద వెల్లంపల్లిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మనలో అనేకుల వంశములు అట్టి దినములనుండి వచ్చినవే. ఆచారమే రాజని దొరగారు ఒప్పుకొనియున్నయెడల మనమేమై యుందుము?

ఒక ఊరు మాత్రమే కాదు, ఒక రాజ్యమంతయు కలిసి కీడు చేయవచ్చును. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత 1945 నవంబరులో నూరెంబర్గు నగరమున జర్మనీ నాయకులను విచారించినప్పుడు, మా ప్రభుత్వ ఆజ్ఞలనే నెరవేర్చితిమని వారిలో అనేకులు చెప్పిరి. ఆజ్ఞ ఉన్నంతమాత్రమున నిర్దోషులు కారని న్యాయాధిపతులు 1946లో తీర్పుచెప్పిరి. వారు నిందితులందరిని ఒక్కటిగా తూచలేదు. ముగ్గురిని విడుదల చేసిరి. రాజ్యముల ఆజ్ఞలకు పైగా మరియొకటి లేనియెడల ఆ తీర్పు గెలిచినవారి పగ మాత్రమే అగును. మనుష్యులకు కాదు దేవునికే లోబడవలెనని అపొస్తలులు మహాసభ యెదుట నిలిచి చెప్పిన మాట (అపొ. కా. 5:29) అట్టి సమయముల కొరకే ఉన్నది.

6. కష్టమైన సంగతులు

ధర్మము ఒక్కటేయని చెప్పినంతమాత్రమున ప్రతి సంగతి తేలికగా తేలునని చెప్పను. ఐగుప్తులో షిఫ్రా, పూయా అను మంత్రసానులు ఫరో ఆజ్ఞను మీరి మగపిల్లలను బ్రదుకనిచ్చి, అతనికి సాకు చెప్పిరి (నిర్గమ. 1:15–21). అబద్ధమాడకూడదు, శిశువును చంపకూడదు. ఆ రెండును ఒకచోట కలిసినప్పుడు ఏమి చేయవలెను? వారు దేవునికి భయపడిరి గనుక ఆయన వారికి మేలు చేసెనని వ్రాయబడియున్నది. ధర్మశాస్త్రములో ప్రధానమైనవి న్యాయము, కనికరము, విశ్వాసము అని మన ప్రభువు చెప్పెను (మత్తయి 23:23). బరువులలో హెచ్చు తగ్గులున్నవి; వాటిని తూచుటకు ప్రార్థనయు జ్ఞానమును కావలెను. గాని త్రాసే లేదనువాడు తూచవలసిన శ్రమను తప్పించుకొనుచున్నాడు. మంత్రసానులు ఫరోకు భయపడి ఊరుకొనుట తేలిక. దేవునికి భయపడిరి గనుకనే వారికి కష్టము వచ్చెను.

7. నా చేతిలోని కుంచము

ఇంతవరకు వ్రాసి ఆపితినేని ఈ పాఠము అబద్ధమగును.

నిరుడు పండుగ దినమున మన సంఘములో ఒక విధవరాలి పెద్ద కుమారుడు త్రాగి మందిరమునకు వచ్చెను. పెద్దలును నేనును కూర్చుండి, అతని పేరు సంఘము ఎదుట చదివి, మూడు నెలలు ప్రభువు బల్లకు దూరముగా ఉంచితిమి. అది తప్పు తీర్పని చెప్పను. అయితే అదే సంవత్సరమున కలిగిన కుటుంబమొకటి తమ కుమారుని పెండ్లికి కట్నము పుచ్చుకొనెను. కట్నము 1961నుండి చట్టమువలన నేరము. పెండ్లికుమార్తె తండ్రి దానికొరకు పొలము అమ్మెను. ఇది నాకు తెలియును. అయినను నేను పెండ్లి జరిపించి, దీవించి, విందు భుజించి వచ్చితిని. మన మందిరపు కప్పునకు ఆ కుటుంబమువారు సొమ్ము ఇచ్చెదమని చెప్పియుండిరి.

నన్ను ప్రశ్న అడిగిన యువకుడు ఆ విధవరాలి చిన్న కుమారుడు.

బంగారు ఉంగరము పెట్టుకొన్నవానికి మంచి స్థలమిచ్చి బీదవానిని నిలువుమని చెప్పుటను గూర్చి యాకోబు పత్రిక 2వ అధ్యాయములో వ్రాయబడినది నేను ఎన్నోసార్లు బోధించితిని. అయినను కామందు ఇంటి రెండు కుంచములు నా యింటిలోనే ఉన్నవి. బలముగలవారు చెప్పినదే ఒప్పు అని ఆ యువకుడు ఏ పుస్తకములో నేర్చుకొనెనో అని వెదకితిని. అతడు దానిని నాయొద్దనే నేర్చుకొనెను. అతని ప్రశ్నలో కోపమున్నది. మీకా మొర వంటిదే ఆ కోపము: ఒకే కుంచము ఉండవలెనని అతని హృదయమునకు తెలియును. నోటితో నేను ధర్మము ఒక్కటేయని చెప్పి, చేతితో కాదంటిని. అతడు నోటితో లేదని చెప్పి, కోపముతో ఉన్నదని సాక్ష్యమిచ్చెను.

నేను ఆ తల్లి యింటికి పోయి కూర్చుండి క్షమించుమని అడిగితిని. ఆమె చాలసేపు ఏమియు పలుకక, “నా బిడ్డ తాగింది నిజమేనయ్యా. కాని వాడొక్కడే కాదు గదా” అని చెప్పెను. పిమ్మట పెద్దలతో కలిసి ఆ రెండవ కుటుంబమువారియొద్దకు పోయి, పుచ్చుకొనినది తిరిగి ఇయ్యవలెనని చెప్పితిమి. వారికి కోపము వచ్చెను. మూడు ఆదివారములనుండి వారి స్థలము ఖాళీగా ఉన్నది. మందిరపు కప్పు పని నిలిచిపోయినది. వర్షము వచ్చినప్పుడు తూర్పుమూల కురియుచున్నది. ఇరువురి సెలవు పొందియే ఈ సంగతి పేరులు లేకుండ వ్రాయుచున్నాను. రెండవ కుటుంబపు యజమాని “రాసుకోండి” అని మాత్రము చెప్పెను. వారికొరకు ప్రార్థించుడి, వారిని దూషింపకుడి. మీరు కొలుచు కొలతతోనే మీకు కొలువబడునని ప్రభువు చెప్పినది నాకును మీకును కలిపియే.

యువకుడు నా వాదమును ఇంకను ఒప్పుకొనలేదు. గాని సెలవులకు వచ్చినప్పుడు వెనుక వరుసలో కూర్చుండుచున్నాడు.

ధర్మము మారనిదని మన పిల్లలకు నేర్పవలెనని కోరుచున్నారా? అయితే ముందుగా మన యిండ్లలో రెండవ కుంచమును వెదకి విరుగగొట్టుదము. ధర్మములేని లోకములో బీదవాని మొరకు అర్థము లేదు. ధర్మమున్న లోకములో అది మొదట మన గడపయొద్దనే వినబడును.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో ఆజ్ఞవలె చూచుచున్న ఆచారములేవి? ఆచారమువలె చూచుచున్న ఆజ్ఞలేవి?
2. మీకా దొంగిలించినప్పుడును, దోచుకొనబడినప్పుడును అతని మాటలలో ఏమి భేదము కలదు? అట్టి భేదము మన మాటలలో ఎప్పుడైన కనబడినదా?
3. మాలపేట, మాదిగపేట అని మన సంఘములలో నేటికిని మిగిలియున్న దూరమును ఏ కుంచముతో కొలువవలెను?
4. క్రైస్తవులు కాని మన పొరుగువారిలో న్యాయముగా నడుచుకొనువారిని చూచినప్పుడు రోమా 2:14–15 మనకేమి నేర్పుచున్నది?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, నీవు మారనివాడవు. మా కొలతలు అరిగినవి, మా చేతులు మోసము నేర్చినవి. మేము బీదలకొక తీర్పును కలిగినవారికొక తీర్పును చెప్పిన దినములను క్షమించుము. మా పిల్లలు మమ్మును చూచి నిన్ను త్రోసివేయకుండ మాకు ఒకే హృదయమును, ఒకే కొలతను దయచేయుము. బానిసల మొర విన్న దేవా, మా ఊరిలోని మొరను మా చెవులకును వినిపించుము. క్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.